మోటారుబండి ఊపిరి

పొయ్యి సరిగా మండనప్పుడు దాని జబ్బేమో కనిపెట్టుట మనకు ఎవరును పనిగట్టుకొని నేర్పలేదు. కట్టెలతో వండిన దినములలో పొగ లేచిన వెంటనే మన అమ్మమ్మలు కట్టె తడిసినదా, గాలి యాడుట లేదా అని రెండే ప్రశ్నలు వేసికొని ఊదుగొట్టము చేతికి తీసికొనెడివారు. నేడు గ్యాసుపొయ్యి మంట నీలముగా నుండక పసుపువన్నెకు తిరిగి గిన్నె అడుగున మసి పట్టినచో, గాలి చాలుట లేదని మనమే గ్రహించి బర్నరును శుభ్రము చేసికొనుచున్నాము. వంటయింటిలో నింత సూక్ష్మముగా విచారింపగల మనము, వాకిట నిలిచిన కారు మొరాయించినచో మాత్రము దాని మూత యెత్తి చూచుటకైన సాహసింపక, ఎవరేమి చెప్పిన నది నమ్మి సొమ్ము చెల్లించి వచ్చుచున్నాము. కారు ఇంజను కూడ నొక పొయ్యియే యనియు, దాని జబ్బులలో ననేకము గాలికి సంబంధించినవే యనియు నిరుడు నేను స్వానుభవమువలన నేర్చుకొంటిని. ఆ సంగతిని సోదరీమణులకు నివేదించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

వచ్చిన చిక్కు

మా కాపురము తెనాలిలో. మా అత్తగారికి మూత్రపిండముల జబ్బు. వారమునకు రెండు మారులు గుంటూరు తీసికొనిపోయి డయాలిసిస్ చేయింపవలెను. దారి సుమారు 25 కిలోమీటర్లు. మావారి యుద్యోగము దూరపు టూరిలో నగుటచే బండి నడపు భారము నాదే. బండి పెట్రోలుది, కొని యేడేండ్లయినది. అంతవరకు మమ్మెన్నడును దారిలో నిలుపలేదు.

నిరుడు వానలు వెనుకబట్టిన పిమ్మట దాని నడకలో మార్పు కనబడెను. బండి నిలిచియుండి ఇంజను మాత్రము తిరుగునప్పుడు మొదట సన్నని వణకు పుట్టెను. తరువాత క్లచ్చి వదలి ముందుకు పోనిచ్చునప్పుడు ఒక్క క్షణము ఊపిరి బిగబట్టినట్లాగి, అటుపై ఎగిరిపడినట్లు కదలెడిది. తుద కొకనాటి సాయంకాలము చికిత్స ముగించుకొని తిరిగి వచ్చుచుండగా, రైలుగేటు ఎత్తిన తరువాత మా బండి పట్టాలకు బారెడు ఇవతల నాగిపోయెను. వెనుక లారీలు, ఆటోలు హారనులు మ్రోగించుచుండెను. మా అత్తగారు చేతికట్టును రెండవచేత పట్టుకొని, "భయపడకమ్మాయ్, మెల్లగా మళ్లీ తాళం తిప్పు" అనిరి. మూడవ మారు త్రిప్పగా ఇంజను కదలెను. ఆమె ధైర్యముగనే యుండిరి గాని, నాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ బారెడు దాటి పట్టాలమీదనే ఆగియున్న నేమయ్యెడిది? ఆగుట పోవునప్పుడు సంభవించి, ఆమెకు చికిత్సయే తప్పిపోయిన నేమయ్యెడిది?

మరునాడు బండి నొక పెద్ద వర్కుషాపునకు తీసికొనిపోయితిని. వారు స్కానరు తగిలించి, గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనదని తెలుపు పి 0171 అను లోపసంఖ్య వచ్చినదనియు, ఆక్సిజన్ సెన్సరును, థ్రాటిల్ బాడీని మార్పవలెననియు, రూ. 38,000 అగుననియు చీటి వ్రాసి యిచ్చిరి. ఏల మార్పవలెనని యడిగితిని. "కంప్యూటరు చెప్పిందండీ" అని సమాధానము. కంప్యూటరు జ్వరమున్నదని చెప్పినదే గాని, ఆ జ్వరము దేనివలన వచ్చినదో చెప్పలేదని అప్పుడు నాకు తెలియదు. అయినను మనస్సొప్పక రెండు దినముల గడువడిగి బండిని ఇంటికి తెచ్చితిని. ఆ వారము అత్తగారిని అద్దెకారులో తీసికొనిపోయితిని.

ఇంజను గాలి పీల్చు విధము

నేటి పెట్రోలు కార్లలోని ఇంజను నాలుగు పనులు చేయును: పీల్చుట, నొక్కుట, మండించుట, విడుచుట. ఈ నాలుగంచెల పద్ధతిని 1876లో జర్మనీ దేశస్థుడైన నికొలస్ ఆటో కార్యరూపమునకు తెచ్చెను. పిస్టను క్రిందికి దిగినప్పుడు, పిచికారీ కాడను వెనుకకు లాగినట్లు, గాలి లోనికి వచ్చును. దానితో కలిసిన పెట్రోలు నిప్పురవ్వ తగిలి మండును.

ఎంత పెట్రోలునకు ఎంత గాలి? తూకమున 1 పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్లు గాలి కావలెను. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు కలియుటచే ఈ సంఖ్య కొంత తగ్గును. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలో తూగునని లెక్క వేసినచో, దానికి దాదాపు 11 కిలోల గాలి కావలెను. అనగా సుమారు 9,000 లీటర్లు. పదేసి అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుగల గదిలో పట్టు గాలి సుమారు 28,000 లీటర్లు. గుంటూరు పోయి వచ్చుటకు మా బండికి మూడు లీటర్లు పట్టును. ఒక్క ప్రయాణములో అది గదినిండ గాలిని పీల్చివేయుచున్నదన్నమాట.

ఈ గాలి వచ్చు దారి యిట్టిది. ముందుగా అది మడతల కాగితముతో చేసిన ఎయిర్ ఫిల్టరు గుండ వచ్చి దుమ్మును వదలును. పిమ్మట మా బండివంటి బండ్లలో, సన్నని వేడితీగగల యొక సెన్సరును దాటును. గాలి యెంత విసురుగా పోయిన తీగ అంత చల్లబడును. దానిని మరల వేడిచేయుటకు పట్టిన విద్యుత్తునుబట్టి లోనికి పోయిన గాలి యెంతయో కంప్యూటరు లెక్కకట్టును. తరువాత ముడుతలుగల లావుపాటి రబ్బరు గొట్టము గుండ థ్రాటిల్ అను చిన్న తలుపు వద్దకు వచ్చును. మనము యాక్సిలరేటరు త్రొక్కినప్పుడు తెరచుకొనునది ఈ తలుపే. దానిని దాటిన గాలి ఇంజనులోనికి పోవును.

కంప్యూటరును వంటమనిషిగా భావింపుడు. ఆమె బియ్యము కొలచి, దానికి తగిన ఎసరు పోయుచున్నది. బియ్యము గాలి, ఎసరు పెట్రోలు. ఆమె కొలచిన తరువాత ఎవరో చూడకుండ మరియొక గుప్పెడు బియ్యము గిన్నెలో పడవైచినచో ఏమగును? ఎసరు చాలక అన్నము పలుకగును. కొలత సెన్సరును దాటిన తరువాత ఏ గొట్టమైనను పగిలి, కొలతకురాని గాలి దొంగచాటుగా చేరినప్పుడు ఇంజనుకు జరుగునది సరిగా నిదియే.

పొగగొట్టములో నున్న ఆక్సిజన్ సెన్సరు మెతుకు పట్టిచూచు మనిషివంటిది. "ఎసరు చాలలేదు" అని అది చెప్పగా కంప్యూటరు కొంచెము కొంచెముగా పెట్రోలు హెచ్చించును. నూటికి ఇరువదియో, ఇరువదియైదో హెచ్చించిన తరువాత దాని అధికారము ముగియును. అప్పుడు మన కెదుట పసుపుపచ్చని ఇంజను దీపము వెలుగును. చూచితిరా! వర్కుషాపువారు మార్పదలచినది ఈ మెతుకు పట్టిచూచిన సెన్సరునే. నిజము చెప్పిన సాక్షినే దోషిగా నెంచిరి. వారు మోసగాండ్రని నేననను. విచారణకు పట్టు కాలముకన్న వస్తువును మార్చుటకు పట్టు కాలము తక్కువ, అంతే.

పగులు దొరకిన తీరు

మా వీధి చివర నొక వృద్ధ మెకానిక్కు కలరు. మా మామగారు జీవించియుండగా ఆయన స్కూటరును బాగుచేసినవారు. అందరును ఆయనను సాయిబుగారందురు. బండిని అచటికి తీసికొనిపోయితిని. ఆయన బానెట్టు ఎత్తుటకు ముందు నన్ను కూర్చుండబెట్టి మూడు ప్రశ్నలు వేసిరి. "చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా, వేడెక్కాక ఎక్కువా?" వేడెక్కిన తరువాత నంటిని. "నిలబడ్డప్పుడా, పరుగులోనా?" నిలిచినప్పుడును, కదలబోవునప్పుడును అంటిని. "అరవైలో పోయేటప్పుడు బాగుంటుందా?" బాగుండునంటిని. "అయితే గాలి దొంగదారిన పోతోందమ్మా. సెన్సర్ల జోలికి పోవద్దు" అనిరి.

మూత యెత్తకయే అట్లు చెప్పుట నాకు వింతగా తోచెను. కారణము చాల సులభము. బండి నిలిచియున్నప్పుడు థ్రాటిల్ తలుపు దాదాపు మూసియుండును. దాని వెనుక పీల్పు మిక్కిలి బలముగా నుండును. న్యాయముగా వచ్చు గాలి కొంచెము. పగులుగుండ వచ్చునది దానితో పోల్చిన చాల ఎక్కువ. బండి పరుగెత్తునప్పుడు తలుపు తెరచుకొని గాలి వెల్లువగా వచ్చును గనుక దొంగగాలి లెక్కకురాదు. గుప్పెడు బియ్యము ఇద్దరికి వండు గిన్నెలో పడిన అన్నము చెడును; పెండ్లి గుండిగలో పడిన నెవరికిని తెలియదు.

ఆయన మనుమడు స్కానరు పెట్టి సంఖ్యలు చదివెను. ఇంజను నిలుకడగా తిరుగునప్పుడు కంప్యూటరు నూటికి 22 పాళ్లు పెట్రోలు హెచ్చించుచున్నది. నిమిషమునకు 2,500 చుట్లు తిరుగునట్లు యాక్సిలరేటరు త్రొక్కగా ఆ హెచ్చింపు 5 పాళ్లకు దిగినది. సాయిబుగారి యూహ నిజమయ్యెను. కొలత సెన్సరు మురికిపట్టియున్నను, పెట్రోలు పంపు బలహీనమైనను, వేగము పెరిగినకొలది ఈ సంఖ్య సాధారణముగా పెరుగును గాని తరుగదు.

ఇక పగులెచట? ఇంజను నాపి, చల్లారనిచ్చి, గొట్టముల నన్నింటిని చేతితో తడవి చూచితిమి. పైకి అన్నియు బాగుగనే యుండెను. ఇంజను ఆయిలునుండి లేచు ఆవిరులను మరల మంటలోనికి పంపుటకు వ్రేలిలావు రబ్బరు గొట్టమొకటి యుండును. అది థ్రాటిల్ తలుపు వెనుకభాగమున, మోచేయివలె వంగి, క్రిందివైపునకు పోయి కలియును. ఆ వంపు అడుగుభాగము కంటికి ఆనదు. సాయిబుగారు అద్దము కావలెననిరి. నా చేతిసంచిలోని బొట్టు పెట్టుకొను చిన్న అద్దము తీసియిచ్చితిని. దానిని క్రిందికి దింపి, సెల్లుఫోను దీపము వేయగా, వంపు కడుపున అంగుళము పొడవున పగులు స్పష్టముగా కనబడెను. ఆయిలు ఆవిరికి రబ్బరు నాని, ఇంజను వేడికి బీటలు వారినది. చల్లగా నున్నప్పుడు మూసికొనియుండు ఆ పగులు వేడికి మెత్తబడి నోరు తెరచెడిది.

మరల ఇంజను నడిపి, సాయిబుగారు బొటనవ్రేలితో ఆ పగులును మూసిరి. ఏడ్చి యేడ్చి తల్లి యెత్తుకొనగానే ఊరకుండు బిడ్డవలె ఇంజను వెంటనే నెమ్మదించెను. వ్రేలు తీయగా మరల వణకెను. ఇంతకు మించిన సాక్ష్యమేమి కావలెను? క్రొత్తగొట్టము రూ. 620. కూలి రూ. 300. గొట్టము మార్చిన పిదప స్కానరు సంఖ్య 22 నుండి 2కు వచ్చెను. ఇంజను దీపము ఆరిపోయెను. ఆ తరువాతి చికిత్సకు మా అత్తగారు మా బండిలోనే గుంటూరు వచ్చిరి.

మనము చేయదగిన పరీక్ష

కొన్ని బండ్లలో వేడితీగకు బదులు తలుపు వెనుకటి యొత్తిడిని కొలుచు సెన్సరుండును. అట్టివానిలో దొంగగాలి చేరినచో వణకుటకు బదులు ఇంజను వేగముగా తిరుగుటయు గలదు. నేను చెప్పునది పెట్రోలు బండ్లను గూర్చియే. వానియందు మనము సులభముగా చూడదగినవి యివి.

మొదటిది, చీటి వ్రాసికొనుట. ఎప్పుడు వణకినది, చల్లగానా వేడెక్కియా, నిలిచియా పరుగులోనా, బ్రేకు త్రొక్కినప్పుడా—ఈ నాలుగు సంగతులు వ్రాసి చూపినచో మంచి మెకానిక్కునకు సగము పని తీరును. బ్రేకు త్రొక్కినప్పుడు ఇంజను తడబడి, బ్రేకు పెడలు గట్టిపడినచో, బ్రేకునకు బలమిచ్చు గొట్టమునో దాని డబ్బానో అనుమానింపవలెను. అట్టి బండిని నడుపరాదు.

రెండవది, ఎయిర్ ఫిల్టరు. పెట్టె క్లిప్పులు విప్పి ఫిల్టరును వెలుతురునకెత్తి చూడుడు. మడతల నడుమ వెలుగు కనబడనిచో మార్పవలెను. కాగితపు ఫిల్టరును నీటితో కడుగరాదు. అది పూడినచో నేటి బండ్లలో పెట్రోలు ఖర్చు పెద్దగా పెరుగదనియు, బండి వేగమందుకొను శక్తి మాత్రము తగ్గుననియు అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ పరిశోధనాలయమువారు 2009లో తేల్చిరి. పెట్టెలో ఎలుకలు గూడు కట్టుట మన యిండ్లలో సామాన్యము. ఆకులు, పీచు, గింజలు ఉన్నవేమో చూడుడు. పెట్టె మరల మూయునప్పుడు క్లిప్పులన్నియు పడినవని రూఢిచేసికొనుడు.

మూడవది, గొట్టములు. ముడుతల గొట్టమును మెల్లగా వంచి ముడుతల లోతులలో చూడుడు. చిన్న గొట్టముల వంపులను, చివరలను అద్దముతో చూడుడు. మెత్తబడి జిగురుగా నున్నదైనను, గట్టిపడి పెళుసైనదైనను మార్పదగినదే. పగులుకు టేపు చుట్టుట ఇల్లు చేరుటకు మాత్రమే.

నాలుగవది, కంటికి దొరకని పగులు. గొట్టములలోనికి స్వల్పమైన ఒత్తిడితో పొగనంపి అది యెచట బయటికి వచ్చునో చూచు యంత్రము మంచి వర్కుషాపులలో నుండును. "పొగపరీక్ష చేసితిరా?" అని అడుగుట మన హక్కు. ఖరీదైన వస్తువును మార్పవలెనన్నచో, అది చెడినదని యేల తలచితిరో చూపుమని కోరుటయు మన హక్కే.

జాగ్రత్తలు మరువరాదు. ఇంజను నాపి చల్లారిన తరువాతనే చేయి పెట్టవలెను. కొన్ని బండ్లలో ఇంజను ఆగినను ఫ్యాను తనంత తానే తిరుగును. కావున చీరచెంగు, చున్నీ, జడ గట్టిగా ముడిచికొనవలెను. బ్యాటరీ దగ్గర లోహపు గాజులు ప్రమాదకరము. అగరువత్తి పొగతో పగులు వెదకువారు కలరు. పెట్రోలు ఆవిరియున్నచోట నిప్పు పనికిరాదు. వేడితీగ సెన్సరును వ్రేలితోనైనను గుడ్డతోనైనను తుడువరాదు. దానికి ప్రత్యేకమైన స్ప్రే కలదు.

వణకును భరించి అట్లే నడిపిన నేమని కొంద రడుగవచ్చును. ఫిల్టరును దాటిన పగులుగుండ మన రోడ్ల దుమ్ము వడపోత లేకయే లోనికి పోయి పిస్టను రింగులను అరుగదీయును. మంట తప్పిపోవుచుండినచో, పొగగొట్టములోని వాయుశుద్ధి పరికరము వేడెక్కి చెడును. రూ. 620తో పోవు జబ్బు వేలకు ప్రాకును.

గాలిదారిని గూర్చి చెప్పుచు నీటిని గూర్చి చెప్పకుండుట తగదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఎన్నో బండ్లు నీట మునిగెను. గాలి నొక్కిన నణగును. నీరు నొక్కిన నణగదు. గాలిదారిన ఇంజనులోనికి నీరు పోయియున్నప్పుడు తాళము త్రిప్పినచో లోపలి కడ్డీలు వంగిపోవును. నీట మునిగిన బండికి తాళము త్రిప్పక, మరియొక బండితో మోయించి వర్కుషాపునకు చేర్చుటయే మేలు.

ఇది మనకు కొత్త కాదు

ఇవి మగవారి పనులని యనువారికి ఒక్కమాట. కార్ల్ బెంజ్ తన మోటారుబండికి పేటెంటు పొందినది 1886లో. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తతో చెప్పకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుండి తల్లిని చూచుటకు ఫోర్ట్స్‌హైమ్ వరకు ఆ బండిలో నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. దారిలో ఇంధనపు గొట్టము పూడిపోగా, తన టోపీకి గ్రుచ్చుకొను పిన్నుతో దానిని తెరచెను. తీగకు రాపిడి తగులకుండ మేజోడు పట్టీని చుట్టెను. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషు యుద్ధవిమానములు ముక్కు క్రిందికి వంచి దూకునప్పుడు, పెట్రోలు పొంగి గాలిపాలు చెడి, వాని మెర్లిన్ ఇంజనులు తడబడెడివి. 1941లో బీట్రిస్ షిల్లింగ్ అను ఇంజనీరు నడుమ రంధ్రముగల చిన్న లోహపు బిళ్లను పెట్రోలు దారిలో అమర్చి ఆ యిబ్బందిని చాలవరకు తొలగించెను. పిన్ను, బిళ్ల—రెండును చిన్నవియే. వానిని ఎచట పెట్టవలెనో తెలియుటయే పెద్దపని.

సోదరీమణులారా, మనమందరము మెకానిక్కులము కానక్కరలేదు. బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు మనము వైద్యులము కాకపోయినను, ఎప్పుడు వచ్చినది, ఎంత వచ్చినది, ఏమి తిన్నది చెప్పగలము గదా! బండి విషయమునను ఆపాటి శ్రద్ధ చాలును. మొన్న అదే రైలుగేటు వద్ద ఆగియుండగా, ఇంజను చప్పుడే వినబడనంత నెమ్మదిగా తిరుగుచుండెను. మా అత్తగారు వెనుకనుండి, "ఆగిపోయిందేమో చూడమ్మాయ్" అనిరి. "లేదత్తయ్యగారూ, ఊపిరి పీల్చుకుంటోంది" అంటిని. గేటు లేచెను, మేము పట్టాలు దాటితిమి.